ఎక్కడా లేని వంతెనల ఇంజినీరు

ఇంజినీరు సెడ్లచెక్‌గారికి కాగితం మీద వంతెన కనిపిస్తే భయం. నిజం వంతెనంటే కాదు. ఆయన ఉద్యోగమంతా రైల్వేలో వంతెనలు కట్టిస్తూ, పాతబడ్డవాటిని కూల్పిస్తూ గడిచింది. డాన్యూబ్ నది మీద గాలివానకి ఊగే ఇనప వంతెన నడిమధ్య నిలబడి నింపాదిగా ముక్కు చీదుకోగల మనిషి. అదే ఎవరైనా తెల్లకాగితం మీద రెండు స్తంభాలు నిలబెట్టి మధ్యలో ఒక కమాను గీస్తే చాలు, ఆయన చేతులు చల్లబడిపోయేవి. కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, గొంతు తగ్గించి, "ఇది ఎక్కడో ఉంది," అనేవారు.

"ఎక్కడండీ?"

"తెలీదు. అదే కదా భయం."

అలాంటి మనిషికి వియన్నాలో నోట్ల బొమ్మలు గీసే కార్యాలయం వారు ఏరికోరి ఇచ్చిన పని ఏమిటంటే, గీసిన ప్రతి వంతెననీ చూసి, అది యూరప్‌లో ఎక్కడా లేదని సంతకం పెట్టడం.

"ఈయనకి ఈ ఉద్యోగం ఎవరిచ్చారు?" అని బుర్గి చేరిన మొదటి వారంలోనే అడిగింది.

"తెలివైనవాళ్లే ఇచ్చారు," అన్నాడు పక్క బల్ల పోల్డి. "కాపలాకి ధైర్యస్తుణ్ణి పెట్టామనుకో, హాయిగా నిద్రపోతాడు. ఈయన చూడు, కళ్లు ఎలా తెరుచుకుని ఉంటాడో."

పోల్డి జీవితమంతా తపాలా బిళ్లలకి బొమ్మలు గీసిన పాతకాపు. బుర్గి అసలు పేరు నోట్‌బుర్గా హింటరెగ్గర్. కారింథియా కొండల్లో గ్రెల్‌బాఖ్ అనే లోయ నుంచి వచ్చింది. అక్కడ బీరువాల తలుపుల మీద పూలు వేసేది. చెయ్యి మంచిదని ఎవరో అంటే రాజధానికి వచ్చి, నోట్లు అచ్చేసే రేకు మీద బొమ్మలు చెక్కడం నేర్చుకుని, ఈ కార్యాలయంలో తాత్కాలికంగా చేరింది. చలికాలంలోపు ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. బీరువా తలుపుల దగ్గరికి తిరిగి వెళ్లే ఉద్దేశం ఆమెకి లేదు.

అసలు వంతెనలే ఎందుకు గీయాలో కూడా ఆమెకి పోల్డే చెప్పాడు.

"ఇన్ని దేశాలూ కలిసి ఒకే డబ్బు వాడతాయట. సరే, నోటు మీద ఏం వేస్తావు? మొహం వెయ్యి చూద్దాం. రాజు మొహం వేస్తే, రాజుని తరిమేసిన దేశాలకి కోపం. కవి మొహం వేస్తే, మా కవి ఏం తక్కువ తిన్నాడని పక్క దేశం."

"ఆవుని వెయ్యొచ్చుగా?"

"ఎవరి ఆవుని?"

దానికి జవాబు ఎవరి దగ్గరా లేకపోయింది. అందుకని ముందువైపు కిటికీలు, తలుపులు, లోపలికి రండి అన్నట్టు. వెనకవైపు వంతెనలు, కలిసి ఉందాం అన్నట్టు. ఒక్కో నోటుకి ఒక్కో కాలపు కట్టడం తీరు. మొదటిసారి గీసిన బొమ్మల్లో కొన్ని వంతెనలు మరీ నిజం వంతెనల్లా ఉన్నాయని గొడవైంది. ఫలానా ఊరివాళ్లు అది మాదేనని సంబరపడితే, మిగతా ఊళ్లన్నీ మొహం మాడ్చుకున్నాయి. దాంతో మళ్లీ గీయమన్నారు. ఈసారి షరతు గట్టిది. వంతెన కడితే నిలబడేలా ఉండాలి, కాని ఎక్కడా నిలబడి ఉండకూడదు.

ఆ గదిలో భయం ఒక్క ఇంజినీరుగారిదే కాదు. తలుపుకి రెండు తాళాలు. సాయంత్రం వెళ్లేటప్పుడు సంచులు వెతికేవాళ్లు. కాగితాలన్నిటికీ నంబర్లు వేసి ఇనప బీరువాలో పెట్టేవాళ్లు. ఎదురు మేడ మీద నుంచి ఎవరైనా చూస్తారేమోనని గాజు పలకలకి తెల్ల రంగు పూయించారు. తెరిచిన కిటికీలు గీసేవాళ్లు కూర్చునే గదికి ఒక్క తెరిచిన కిటికీ లేదు.

వీటన్నిటి పైన డాక్టరు లోయ్‌డోల్ట్. మందులిచ్చే డాక్టరు కాదు, చరిత్ర చదివిన డాక్టరు. వియన్నాలో చదువుకున్నవాణ్ణి ఉత్త పేరుతో పిలవడం తిట్టడంతో సమానం కనుక అందరూ డాక్టరుగారనే పిలిచేవాళ్లు. నిజం వంతెనల బొమ్మలుగాని, ఫొటోలుగాని చూసి గీయబోమని అందరిచేతా ఆయన సంతకాలు తీసుకున్నాడు. ఇంజినీరుగారు రాకముందు ఒకతని సొరుగులో ఇటలీ వంతెన ఉన్న పోస్టుకార్డు దొరికింది. పెళ్లాం పుట్టినరోజుకి కొన్నానని అతను మొత్తుకున్నాడు. లోయ్‌డోల్ట్ వినలేదు. భోజనాల వేళకి అతని కోటు కొక్కేనికి లేదు. ఆ తర్వాత ఏ దేశంలోనూ ఏ నోట్ల ముద్రణాలయమూ అతన్ని గడప తొక్కనివ్వలేదని చెప్పుకునేవాళ్లు. ఆ ఖాళీ కొక్కేనికి మళ్లీ ఎవరూ కోటు తగిలించలేదు.

ఇంజినీరుగారు పని చేసే తీరు చూడాలంటే పోల్డి బల్ల దగ్గరే చూడాలి. ఒకరోజు పోల్డి మూడు కమానుల వంతెన గీసి ఆయన ముందు పెట్టాడు. ఇంజినీరుగారి చేతిలో పెన్సిలు వణికింది.

"ఇది ఉంది."

"ఎక్కడండీ?"

"దక్షిణంగా. ఒక కమాను తీసెయ్యి."

పోల్డి చెరిపాడు.

"అయ్యయ్యో, స్పెయిన్ వెళ్లిపోయింది."

"స్తంభాలు లావు చెయ్యనా?"

"చెయ్యి. ఊఁ. వద్దు, వద్దు. పోర్చుగల్."

"పిట్టగోడ పీకేస్తానండి, పీడా పోతుంది."

"పీకితే పోలండ్."

"పోలండ్ ఈ డబ్బులో చేరలేదుగా ఇంజినీరుగారూ!"

"రేపు వస్తే?"

సాయంత్రమయ్యేసరికి ఆ వంతెన యూరప్ అంతా తిరిగి వచ్చింది. దాన్ని కన్న పోల్డి కూడా గుర్తుపట్టలేని ఆకారానికి చేరాక ఇంజినీరుగారు దాన్ని దూరంగా పట్టుకుని చూశారు, దగ్గరగా పట్టుకుని చూశారు, తలకిందులు చేసి చూశారు. "ఎక్కడా లేదు," అని నిట్టూర్చి కూర్చుండిపోయారు. నీళ్లు తెచ్చివ్వాల్సి వచ్చింది.

ఇంకోసారి బుర్గినీ పోల్డినీ కాఫీకి తీసుకెళ్లారు. కాఫీ వచ్చింది, ఆయనకిష్టమైన గసగసాల కేకు వచ్చింది. ముక్క నోట్లో పెట్టుకోబోతూ తలెత్తితే ఎదురుగా గోడ మీద తైలవర్ణ చిత్రం. అందులో ఏరు, ఏటి మీద వంతెన. చెంచా పళ్లెంలో పడింది. నల్లకోటు సర్వరుని పిలిచారు.

"ఆ బొమ్మలో వంతెన ఎక్కడిది?"

"ఏమో సార్. గోడకి చెమ్మ పట్టిందని అడ్డంగా తగిలించాం."

"చూసి వేసిందా, ఊహించి వేసిందా?"

సర్వరు బొమ్మని చూశాడు, ఆయన్ని చూశాడు. "కేకు మాత్రం నిజమైందే సార్. కాఫీ చల్లారకముందే తినండి."

ఇంజినీరుగారు కుర్చీ తిప్పుకుని వంతెనకి వీపు పెట్టి కూర్చున్నారు. ఆ కూర్చోవడంలో పక్క బల్ల మీది పెద్దావిడ మొహానికి ఎదురుగా వచ్చారు. ఆవిడ కోపంగా లేచి వెళ్లిపోయింది. కేకు చివరికి పోల్డి తిన్నాడు.

ఆయన భార్య ఒకసారి కార్యాలయానికే ఫోన్ చేసింది. బుర్గి ఎత్తింది.

"అమ్మాయీ, నేను ఇంజినీరమ్మగారిని మాట్లాడుతున్నా. మీ ఆఫీసులో మా ఆయనకి ఏం పెడుతున్నారు?"

"ఏం పెట్టడం లేదండీ. ఏమైందండీ?"

"మా మనవరాలు చెక్కముక్కలతో వంతెన కట్టుకుంటోంది. ఈయన వెళ్లి, 'తల్లీ, దీనికింకో స్తంభం పెట్టు, లేకపోతే బెల్జియంలో తేలుతుంది' అన్నాడు. పిల్ల ఒకటే ఏడుపు. ఏమని సముదాయించను? అది బెల్జియంలో లేదమ్మా అననా, ఉంటే ఉండనీ అననా?"

గదిలో ఆ మాటకి నెలంతా నవ్వుకున్నారు. ఎవరి పెన్సిలు విరిగినా, ఎవరి సూపు చల్లారినా, "బెల్జియంలో తేలింది," అనేవాళ్లు. తలుపులు మూసిన ఆ గదిలో మనుషులు కాస్త ఊపిరి పీల్చుకున్నదల్లా ఇంజినీరుగారిని చూసి నవ్వుకున్నప్పుడే.

బుర్గి వంతు వచ్చింది. ఆమెకి పాత గుండ్రటి కమానుల కాలం అప్పగించారు. బరువైన రాయి, పొట్టి స్తంభాలు. ఆమె కళ్లు మూసుకుని, తెరిచి, ఎక్కడా ఆగకుండా గీసింది. చెయ్యి దానంతటదే నడిచింది. జీవితంలో అంత బాగా ఎప్పుడూ గీయలేదు. కాగితం తీసుకెళ్లి ఇంజినీరుగారి ముందు పెట్టింది.

ఆయన చాలాసేపు చూశారు. కళ్లజోడు తుడవలేదు. చెయ్యి వణకలేదు. "ఊఁ," అని కాగితం పక్కన పెట్టి, ఇంకొకరి బల్ల దగ్గరికి వెళ్లిపోయారు.

"వణకలేదే!" అన్నాడు పోల్డి నమ్మలేనట్టు. "ముసలాయన వణకని వంతెన ఇదొక్కటే. నీ జాతకం బాగుంది పిల్లా."

ఆ సంతోషం వారం నిలవలేదు. రేకు మీదికి ఎక్కించే ముందు నీడలు సరిచూసుకుంటూ ఉంటే, వంతెనకి ఎడమవైపు పిట్టగోడ కుడివైపు కంటే జానెడు తక్కువగా ఉండటం బుర్గి కంటపడింది. ఇలా ఎందుకు గీశాను అనుకుంది. పొరపాటు చేశాననుకుంది. ఆ జానెడు ఖాళీ మీద ఎండ ఎలా పడుతుందో ఆలోచించబోతే, తన కాళ్లు కనిపించాయి. చిన్న కాళ్లు, ఆ తగ్గిన గోడ మీది నుంచి నీళ్ల పైన ఊగుతూ. ఒకప్పుడు ఎవరి గడ్డిబండో గుద్దుకుని కూలితే, రాయి చాలక ఊరివాళ్లు ఆ పక్కని తక్కువ ఎత్తులోనే సరిపెట్టిన గోడ. అది గ్రెల్‌బాఖ్ వంతెన. రెండు కమానులు, వాటి మధ్య కొంచెం పక్కకి ఒరిగిన స్తంభం, అంతా అదే. ఊహ అనుకుని తన ఊరి వంతెనని రాయికి రాయిగా దించేసింది.

బుర్గి పెన్సిలు కింద పెట్టేసింది. ఫొటోలు చూడనని సంతకం పెట్టింది. ఫొటో చూడలేదు. కాని ఆ మాట డాక్టరుగారు నమ్ముతాడా? పుట్టినరోజు కార్డుని నమ్మనివాడు, చెయ్యి దానంతటదే గీసిందంటే నమ్ముతాడా? పోనీ, చప్పుడు చెయ్యకుండా సరిచేద్దామంటే, ఇంజినీరుగారు చూసేసిన బొమ్మలో ఒక్క గీత మార్చాలన్నా లోయ్‌డోల్ట్‌ని అడగాలి, ఎందుకో చెప్పాలి. నోరు మూసుకుని ఊరుకుంటే? ఎప్పుడో ఒకరోజు గ్రెల్‌బాఖ్ దుకాణంలో ఎవరో నోటు తిప్పి చూసి, "అరె, మన వంతెన!" అని కేక పెడతారు. ఆ కేక లోయంతా వినిపిస్తుంది. దేశాలన్నీ వింటాయి. ఇన్ని దేశాల నోట్లలో ఒకటి తన మూలంగా పాడవుతుంది.

గోడకున్న ఖాళీ కొక్కెం వైపు చూడటం మానేసింది. తన కోటు కుర్చీ వీపుకి తగిలించుకోసాగింది.

ఇంతలో ఇంజినీరుగారు ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయీ, నాకు నాలుగు రోజులు సెలవిచ్చారు. కొండల్లో తిరిగొద్దామనుకుంటున్నా. మీదేదో లోయ అన్నావు కదూ, గ్రెల్‌బాఖ్?"

"అబ్బే, అక్కడ ఏం బాగుండదండీ. ఒకటే వాన."

"వాన నాకిష్టమే."

"ఈగలండీ. గుర్రపు ఈగలు. కోటు మీంచి కుడతాయి."

"తోలు కోటు ఉంది. వంతెనలు ఏమైనా ఉన్నాయా?"

"లేవండీ!" అంది బుర్గి, గది అంతా వినిపించేలా.

"లేవా? మరి వాగు ఉందిగా మీ లోయలో?"

"ఉందండీ."

"ఎలా దాటతారు?"

"దాటరండీ."

"ఎవరూ?"

"అటుపక్క ఏం లేదండీ."

ఇంజినీరుగారు ఆమెని ఒక్క క్షణం చూశారు. "దాటక్కర్లేని వాగు," అన్నారు మెల్లగా. "చూడాల్సిందే."

శనివారం పొద్దున్న మొదటి రైలుకే బుర్గి ఊరు బయల్దేరింది. ఏం చెయ్యాలో ఆమెకి తెలియదు. వంతెనని దాచేదెలా? దాని మీద గడ్డి ఆరబోయాలనుకుంది, పశువుల్ని నిలబెట్టాలనుకుంది, అత్తతో దుప్పట్లు ఆరేయించాలనుకుంది. రైలు దిగి వాగు మలుపు తిరిగేసరికి, తోలు కోటు వేసుకున్న మనిషి ఒకడు వంతెన కింద నీళ్లలో మోకాళ్ల దాకా దిగి, స్తంభాన్ని అరచేత్తో తడుముతూ కనిపించాడు. ఆ తర్వాత పైకొచ్చి, ఎడమ పిట్టగోడ ఎత్తు జానతో కొలిచి, కుడిగోడ దగ్గరికి వెళ్లి అది కూడా కొలిచారు ఇంజినీరు సెడ్లచెక్‌గారు. బుర్గి ఒక చెట్టు వెనక్కి తప్పుకుంది. అక్కడి నుంచి ఆమెని బయటికి లాగింది మేనత్త వ్రోనీ గొంతు.

"ఏమే బుర్గీ, చెట్టు చాటునుంచి చూస్తావేం దొంగలా? మీ ఆఫీసాయనట! భోజనానికి పిలిచా. రా, రా."

మేనత్త ఇంట్లో బల్ల మీద, కజ్జికాయల్లా అంచులు మెలిపెట్టి, చీజూ పుదీనా కూరి ఉడికించిన పిండివంట పొగలు కక్కుతోంది. పైన కాచిన వెన్న. ఇంజినీరుగారు తడిసిన మేజోళ్లు పొయ్యి పక్కన ఆరేసుకుని తినడం మొదలుపెట్టారు. బుర్గి ఒక్కటి కూడా మింగలేకపోయింది.

"వంతెన బాగుందండీ మీది," అన్నారు ఇంజినీరుగారు. "ఒక పక్క గోడ తగ్గిందేం?"

"ఆ కథ అడక్కండి బాబూ," అని వ్రోనీ అత్త చెప్పడం మొదలుపెట్టింది. గడ్డిబండి, తాగిన బండివాడు, భయపడ్డ గుర్రం, కూలిన రాళ్లు, రాయి కోసం పక్క ఊరితో పోట్లాట, అంతా చెప్పింది. చెప్పి ఊరుకోక, బుర్గి వైపు చెయ్యి చూపించింది. "మా బుర్గికి ఆ తగ్గిన గోడంటే ప్రాణం. చిన్నప్పుడు పొద్దస్తమానం అక్కడే. బొగ్గుముక్క దొరికితే చాలు, ఆ వంతెనే గీసేది. మా తలుపు మీద గీసింది, పశువుల కొట్టం మీద గీసింది, ఫాదరుగారి తెల్ల అంగీ మీద కూడా గీసింది! కళ్లు మూసుకుని గీసేదండీ, కళ్లు మూసుకుని!"

బుర్గి చేతిలో ముల్లుచెంచా బల్ల కింద పడిపోయింది. తియ్యడానికి వంగి, అక్కడే ఉండిపోతే ఎంత బాగుండుననుకుంది. పైకి లేచేసరికి ఇంజినీరుగారు ఆమెకేసే చూస్తున్నారు. మొహంలో ఏ భావమూ లేదు.

"ఇంకో రెండు వడ్డిస్తారా?" అన్నారు అత్తతో.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర తిరిగి, "సోమవారం కలుద్దాం," అన్నారు బుర్గితో. అంతే అన్నారు.

సోమవారం లోయ్‌డోల్ట్ అందర్నీ పిలిచాడు. బల్ల మీద వంతెనలన్నీ వరుసగా పరిచాడు. బుర్గి వంతెన మధ్యలో ఉంది. "ఈ వారమే రేకుల మీదికి పంపాలి," అన్నాడు. "ఇంజినీరుగారు చివరి సంతకాలు పెడితే సరి. ఇంజినీరుగారూ?"

సెడ్లచెక్‌గారు లేచారు. బుర్గి కుర్చీ అంచు పట్టుకుంది. ఆయన కళ్లజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. చేతులు ఎప్పుడూ లేనంతగా వణుకుతున్నాయి.

"ఒక్కటి కూడా పంపడానికి వీల్లేదు," అన్నారు.

లోయ్‌డోల్ట్ బల్ల మీది వరుసకేసి చూశాడు.

"ఏ వంతెన గురించి?"

"అన్నిటి గురించీ."

"అన్నీనా! ఎక్కడున్నాయి అవన్నీ?"

"తెలీదు డాక్టరుగారూ. అదే కదా భయం. కొండల్లో పడుకుంటే రాత్రంతా కలలోకి వచ్చాయి. ప్రతిదానికీ ఏదో ఒకటి మార్చాలి. దీనికి స్తంభం జరపాలి. దీనికి పైభాగం ఎత్తాలి. దీనికి," అని బుర్గి వంతెన మీద వేలు పెట్టారు, "ఇంకో కమాను చేర్చాలి, స్తంభం నిటారుగా పెట్టాలి, గోడలు సమం చెయ్యాలి. ఇదిగో, దీనికి తాపడం మార్చాలి. దీనికి..."

పోల్డి పెన్సిలు నేలకేసి కొట్టాడు. "నాది మూడుసార్లు మార్చానండీ! ఇంకా మారిస్తే వంతెన కాదు, కుర్చీ అవుతుంది!"

"కుర్చీ అయినా ఫర్వాలేదు," అన్నారు ఇంజినీరుగారు. "ఎక్కడా లేని కుర్చీ అయితే చాలు."

లోయ్‌డోల్ట్ నుదురు పట్టుకుని కూర్చున్నాడు. "కొండగాలి పీలిస్తే కాస్త ధైర్యం వస్తుందని మిమ్మల్ని పంపాను. మీరు సంతకం పెట్టకపోతే నేను పంపలేను. పంపకపోతే పైవాళ్లు నన్ను నమిలేస్తారు. వాళ్లకేం చెప్పమంటారు? ఆలస్యానికి కారణం మీ పిరికితనమని చెప్పనా?"

"చెప్పండి."

"ఆ మాటే చెప్తాను!"

"నిజమేగా, చెప్పండి."

అందరూ ఆయన్ని తిట్టుకుంటూ కాగితాలు తీసుకున్నారు. బుర్గి కూడా తీసుకుంది. ఇంకో కమాను చేర్చింది, స్తంభాన్ని నిలబెట్టింది, ఆ జానెడు గోడని పైకి లేపింది. డాక్టరుగారు పక్కనే నిలబడి చూశాడు, ఏమీ అడగలేదు. ఎందుకు అడుగుతాడు, ఇరవై చేతులు అదే పని చేస్తుంటే?

సాయంత్రం మెట్ల మీద ఆమె ఇంజినీరుగారిని పట్టుకుంది.

"మీకెప్పుడు తెలిసిందండీ?"

"నువ్వు తెచ్చి పెట్టిన రోజే. ఊహించి గీసిన వంతెనకి లోపం ఉండదమ్మా. ఊహలో ఎవరూ గోడ జానెడు తగ్గించి కట్టరు. అది ఎవరో కూర్చున్న గోడ."

"మరి ఆ రోజు మీరు వణకలేదే?"

"ఎందుకు వణుకుతాను? నా భయమంతా ఎక్కడో ఉందేమో అని. ఉందని తేలిపోయాక భయమేముంది?" ఆయన రెండు మెట్లు దిగి ఆగారు. "అప్పట్నించి నీ గురించి భయం పట్టుకుంది. నిద్ర లేదు. అసలుదాన్ని కళ్లారా చూస్తేగాని, ఎంత మారిస్తే చాలో తెలీదు. వాగులో నీళ్లు మంచుగడ్డలమ్మా. ఈ జలుబు చూడు."

బుర్గి కూడా ఆ రెండు మెట్లూ దిగింది. "నాకోసం అందరి ముందూ పిరికివాడినని..."

"అబ్బా, ఆ పేరు నాకు కొత్తా? వంతెన తప్పయితే మర్నాడు సరిచేస్తారు. మనిషిది తప్పంటే కోటు తీసుకుని వెళ్లిపొమ్మంటారు. ఇలాంటి చోట పిరికివాడు ఒకడుండాలి." జేబురుమాలులో గట్టిగా చీదారు. "నాకొక్క సాయం చెయ్యి. రేపట్నించి వాళ్లు నన్ను చూసి నవ్వుతారు. నువ్వూ నవ్వు. నువ్వొక్కదానివే నవ్వకుండా మొహం పెట్టుకుని కూర్చుంటే, ఎందుకని డాక్టరుకి అనుమానమొస్తుంది."

"నాకు నవ్వు రాదండీ."

"నేర్చుకో."

మర్నాడు భోజనాల గదిలో పోల్డి లేచి నిలబడ్డాడు. కళ్లజోడు బదులు రెండు చెంచాలు కళ్లకి పెట్టుకుని, లివర్ ఉండల సూపు గిన్నెలోకి తొంగిచూసి, ఒళ్లంతా వణికాడు. "ఈ ఉండ... ఈ ఉండ ఎక్కడో ఉంది!" గది గొల్లుమంది. లోయ్‌డోల్ట్ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "పక్కనింకో ఉండ చేర్చండి! అయ్యో, డెన్మార్క్ వెళ్లిపోయింది!"

బుర్గి నవ్వింది. చిన్నగా, ఆలస్యంగా. మూలబల్ల దగ్గర ఒంటరిగా సూపు తాగుతున్న ఇంజినీరుగారు తలెత్తి ఆమెని చూశారు. అరచెయ్యి కొంచెం పైకెత్తారు, ఇంకొంచెం గట్టిగా అన్నట్టు. బుర్గి ఇంకొంచెం గట్టిగా నవ్వింది. ఆయన తృప్తిగా తలూపి సూపులోకి వంగారు.

అప్పుడు ఆమె గదిని చూసింది. పోల్డి చెంచాలు దించి, మూలబల్ల వైపు ఒక చూపు చూశాడు, సరిపోయిందా అని అడుగుతున్నట్టు. ఆ పక్క బల్ల మీద నీడలు వేసే ముసలాయనా అటే చూశాడు. అక్షరాలు రాసే ఆవిడా చూసింది. నవ్వులన్నీ అవసరానికి మించి ఒక పాలు గట్టిగానే ఉన్నాయి.

పోల్డి వచ్చి ఆమె పక్కన కూలబడి గిన్నె ముందుకి లాక్కున్నాడు.

"నీ వంతెన ఎక్కడిది?" అంది బుర్గి, పెదాలు కదలకుండా.

పోల్డి సూపు ఊదుకున్నాడు. "మా మామగారి ఊరు," అన్నాడు. "నవ్వు, నవ్వు. డాక్టరు ఇటే చూస్తున్నాడు."